మాస్టారి హాజరు పట్టీ: పడుతున్న ఐటీ షేరును వదలని ఒక కేసు

మాస్టారు నా దగ్గరికి షేర్ల ఖాతా లెక్కలుండే డీమ్యాట్ స్టేట్‌మెంట్ తేలేదు. హాజరు పట్టీ తెచ్చారు.

బడిలో పిల్లల పేర్లు రాసే పొడవాటి రిజిస్టరు అది. పేర్లుండాల్సిన చోట నెలల పేర్లు, తేదీల గళ్ళలో ఒకే ఒక్క షేరు ముగింపు ధర. పెరిగిన రోజు నీలం సిరా, తగ్గిన రోజు ఎర్ర సిరా. శని, ఆదివారాల గళ్ళలో అడ్డగీత. 2021 అక్టోబర్‌లో మొదలుపెట్టి రెండేళ్ళపాటు ఒక్క గడి ఖాళీ వదల్లేదు. రెండో ఏడాది పేజీలకొచ్చేసరికి చదువులో వెనకబడ్డ పిల్లాడి పరీక్ష పేపరు దిద్దినట్టుంది.

విజయనగరంలో గంట స్తంభానికి దగ్గర్లో ఒక మేడ మీద నా ఆఫీసు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ని. క్లయింట్ ఇచ్చే ఫీజే నా ఆదాయం, వాళ్ళు కొన్నా అమ్మినా నాకు కమీషన్ రాదు. ఈ కేసు రాయడానికి మాస్టారి అనుమతి తీసుకున్నాను. ఆయనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కంపెనీ పేరు రాయను. ఒక్క సంగతి మాత్రం మార్చలేను, కేసంతా దాని చుట్టూ తిరిగింది కాబట్టి. ఆయన నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారు.

రిజిస్టర్లో ఉన్నది

మాస్టారు 2021లో, 60 ఏళ్ళు నిండి రిటైరయ్యారు. మరుసటి ఏడాది జనవరి నుంచి ప్రభుత్వం ఆ వయసును 62 చేసింది. ఆర్నెల్లు ఆలస్యంగా పుట్టుంటే ఇంకో రెండేళ్ళు సర్వీసుండేదన్న బాధ ఆయనకింకా పోలేదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, పీఎఫ్, సెలవు జీతం అన్నీ కలిపి 34 లక్షలు చేతికొచ్చాయి. 12 లక్షలతో మేడ మీద పోర్షన్ వేశారు. 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశారు. అప్పట్లో ఒక మనిషికి గరిష్ఠం అంతే, వడ్డీ 7.4 శాతం. మిగిలిన ఏడు లక్షలకే చోటు దొరకలేదు. బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ ఐదున్నర దగ్గర తచ్చాడుతున్న రోజులవి. కోవిడ్ తర్వాత మార్కెట్ ఎగబాకుతోంది, టీ కొట్టు దగ్గర కూడా షేర్ల కబుర్లే.

ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా ఐటీ కంపెనీలో టీమ్ లీడ్. కంపెనీ మన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్టయి ఉంది. మాస్టారు ఆ షేరే కొన్నారు.

2021 అక్టోబర్‌లో 200 షేర్లు, ఒక్కోటి 1,050కి. 2022 జనవరిలో ఇంకో 150, 1,240కి. ఆ ఏడాది ఐటీ షేర్లన్నీ జారడం మొదలైంది. జూన్‌లో 820కి వచ్చేసరికి "చవగ్గా దొరుకుతోంది" అని 100 కొన్నారు. డిసెంబర్‌లో 640కి 150. మొత్తం 600 షేర్లు, పెట్టింది 5 లక్షల 74 వేలు, సగటున షేరుకు 957 రూపాయలు.

ఆఖరి 150 షేర్ల డబ్బు ఎక్కడిదో కూడా రిజిస్టర్లో రాసి ఉంది. 81 వేలు పెట్టి కొన్న ఒక ప్రభుత్వ రంగ విద్యుత్ కంపెనీ షేరును 18 శాతం లాభానికి అమ్మి, ఆ 96 వేలు ఇందులో పోశారు. లాభంలో ఉన్నదాన్ని అమ్మి నష్టంలో ఉన్నదానికి మేత వేయడం ఈయన ఒక్కరి అలవాటు కాదు. టెరెన్స్ ఓడియన్ అనే అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త ఒక బ్రోకరేజీలోని 10,000 ఖాతాలు తిరగేసి 1998లో ఒక పత్రం రాశారు. జనం లాభాల షేర్లను త్వరగా అమ్ముకుంటున్నారు, నష్టాల షేర్లను అట్టేపెట్టుకుంటున్నారు. తర్వాతి ఏడాదిలో చూస్తే అమ్మేసిన లాభాల షేర్లే, దాచుకున్న నష్టాల షేర్ల కంటే సగటున 3.4 శాతం మెరుగ్గా నడిచాయి. మాస్టారు అమ్మిన విద్యుత్ షేరు 2023లో ఎక్కడికెళ్ళిందో ఆయన్ని నేను అడగలేదు. అంత ధైర్యం లేదు.

యావరేజ్ చేయడం, అంటే పడేకొద్దీ ఇంకొన్ని కొని సగటు ధర తగ్గించుకోవడం గురించి ఒక మాట. మొదటి 350 షేర్ల సగటు 1,131. తర్వాతి రెండు కొనుగోళ్ళతో అది 957కి దిగింది. రిజిస్టర్లో ఆ అంకె కింద రెండు గీతలున్నాయి, ఏదో సాధించినట్టు. సగటు 174 రూపాయలు తగ్గిన మాట నిజమే. కానీ ఒకే కంపెనీలో ఇరుక్కున్న డబ్బు 3 లక్షల 96 వేల నుంచి 5 లక్షల 74 వేలకు పెరిగింది. ఆ రెండో అంకె రిజిస్టర్లో ఎక్కడా లేదు.

నేను చేసిన తప్పు

2023లో సిరిమాను పండగ అయిన మరుసటి వారం వచ్చారాయన. షేరు 540 దగ్గరుంది. 5 లక్షల 74 వేలు కాస్తా 3 లక్షల 24 వేలయ్యాయి, అంటే రెండున్నర లక్షల నష్టం.

"ఒరే, ఇది మళ్ళీ 957 ఎప్పటికవుద్దో చెప్పు. అదొక్కటే నాక్కావాలి" అన్నారు.

నేను పాఠం మొదలుపెట్టాను. పడింది 44 శాతమే అయినా తిరిగి లేవడానికి 77 శాతం పెరగాలన్నాను. సగం పడితే రెట్టింపు కావాలి, 70 శాతం పడితే 233 శాతం కావాలి అని కాగితం మీద గీతలు గీశాను. అమెరికా టెక్నాలజీ షేర్ల సూచీ నాస్‌డాక్ సంగతి ఎత్తాను. 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసింది, 2002 అక్టోబర్ నాటికి 78 శాతం కరిగింది, మళ్ళీ ఆ అంకె దాటింది 2015లో. అది మొత్తం సూచీ. ఒక్క కంపెనీ అయితే ఇంకా ఆలస్యం కావచ్చని సిస్కోను చూపించాను. ఆ కంపెనీ ఎక్కడికీ పోలేదు, లాభాలు సంపాదిస్తూనే ఉంది, కానీ షేరు మాత్రం 2000 నాటి ధరను అప్పటికింకా చూడలేదు. (తర్వాత చూసింది, 2025 డిసెంబర్‌లో. పాతికేళ్ళు దాటాక.)

"మాస్టారూ, మీకిప్పుడు 62. పదిహేనేళ్ళు ఆగగలరా?" అన్నాను. బాగా చెప్పానని లోపల అనుకున్నాను కూడా.

ఆయన అంతా విన్నారు. కాగితం తన వైపు తిప్పుకుని నా భాగహారం సరిచూశారు. "లెక్క తప్పు లేదు. అయినా శాతాలు నీకు చెప్పింది నేనేరా" అని రిజిస్టరు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయారు.

మా వృత్తిలో ఈ తప్పు చాలామందిమి చేస్తాం. షేరు పట్టుకు కూర్చున్న మనిషికి లెక్క రాదనుకుంటాం. ఆయనకు నాకంటే బాగా వచ్చు. రెండేళ్ళు రోజూ ధర రాసుకున్న మనిషికి నష్టమెంతో నేను చెప్పాలా? ఆయన్ని పట్టి ఉంచింది వేరే ఏదో ఉంది, అది ఏమిటని నేను అడగనే లేదు.

కంపెనీకి ఏమైంది

మాస్టారు మళ్ళీ రాలేదు గానీ, ఆ షేరు నా బుర్రలోంచి పోలేదు. కంపెనీ వార్షిక నివేదికలు రెండు, త్రైమాసిక ఫలితాలు ఎనిమిది ముందేసుకుని కూర్చున్నాను.

టెక్నాలజీ షేరు పడుతుంటే నేను ముందు చూసేది ఆ పతనం ఎలాంటిదని. రంగమంతా పడుతుంటే ఇదీ పడుతోందా, రంగం బాగున్నా ఇదొక్కటే పడుతోందా, లేక లెక్కల్లోనే తేడా ఉందా. మూడోదాన్ని మన తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2009 జనవరి 6న 179 దగ్గర ముగిసిన సత్యం షేరు, మర్నాడు రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చాక 40 రూపాయల లోపు ముగిసింది. ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆ ఉత్తరంలో ఉంది. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 చొప్పున వాటా కొంది. 2013 విలీనంలో 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. కంపెనీ బతికింది కదా అంటారు కొందరు. బతికింది, ఉద్యోగాలు నిలిచాయి. 179కి పైన కొన్నవాళ్ళ డబ్బు సంగతి వేరు.

మాస్టారి కంపెనీలో అలాంటి వాసన నాకు తగల్లేదు. లాభం ఎంత చూపిస్తున్నారో దాదాపు అంత నగదు లోపలికొస్తోంది. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టలేదు. క్లయింట్ల నుంచి రావాల్సిన బాకీలు పెరగలేదు. మొదటి ఐదుగురు క్లయింట్ల నుంచే ఆదాయంలో మూడో వంతు పైగా వస్తోంది. అది కొంచెం గుచ్చుకుంది గానీ ఈ సైజు కంపెనీల్లో కొత్తేమీ కాదు.

రంగం మాత్రం పడింది. 2022లో పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50 సుమారు 4 శాతం పెరిగితే, ఐటీ షేర్ల సూచీ నిఫ్టీ ఐటీ 26 శాతం పడింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఆ ఏడాది మార్చిలో వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టి, సున్నా దగ్గరున్న రేటును 2023 జులైకి 5.25 నుంచి 5.50 శాతం మధ్యకు తెచ్చింది. మన ఐటీ కంపెనీల ఆదాయంలో పెద్ద భాగం అక్కడి బ్యాంకులు, బీమా సంస్థలు, దుకాణాల గొలుసుల నుంచే. అప్పు ఖరీదైతే వాళ్ళు ముందు ఆపేది కొత్త సాఫ్ట్‌వేర్ పనులనే.

అసలు విషయం ఇంకా లోపల ఉంది. మాస్టారు మొదటిసారి కొన్నప్పుడు ఈ కంపెనీ ఏడాదికి షేరుకు 22 రూపాయలు సంపాదిస్తోంది. నేను చూసేనాటికి 21. లాభం పోయింది రూపాయే. కానీ ఆ రోజు జనం రూపాయి లాభానికి 48 రూపాయలిచ్చి షేరు కొన్నారు, ఇప్పుడు 26 ఇస్తున్నారు. మామిడి కాపు ఎప్పటిలాగే ఉంది, తోట ధర పడిపోయింది. కాబట్టి కొడుకు ఫోన్లో "కంపెనీ బానే ఉంది నాన్నా, కొత్త ప్రాజెక్ట్ వచ్చింది" అనడం అబద్ధం కాదు. ఆ మాటకూ షేరు ధరకూ ఉన్న దూరమే మాస్టారికి అందలేదు. పైగా టీమ్ లీడ్‌కి కనపడేది తన ప్రాజెక్ట్. కంపెనీ మార్జిన్ ఆయన సీటు దగ్గర నుంచి కనపడదు.

మరి 957 ఎప్పటికి? జనం 26 రెట్లే ఇస్తూ పోతే షేరుకు లాభం 37 రూపాయలవ్వాలి. లాభం ఏటా 12 శాతం పెరిగితే అందుకు ఐదేళ్ళు. రెండేళ్ళుగా పెరగని లాభం ఇకపై 12 శాతం పెరుగుతుందనుకోవడం ఆశే. అయినా నిజాయితీగా చెప్పాలి కదా: ఆ ఆశ ఫలిస్తే ఐదేళ్ళలో 77 శాతం, పోస్టాఫీసు స్కీములో 8.2 చొప్పున వేసుకుంటే 41 శాతం. అంటే ఒట్టి రాబడి లెక్కన ఈ షేరును అమ్మి తీరాలని నేను రుజువు చేయలేను. మొదటి రోజు నేను ఆయన ముందు గీసిన గీతలన్నీ ఈ పాయింట్ దగ్గర తేలిపోతాయి. ఆయన మెట్లు దిగిపోవడమే నయమైంది.

అరసవల్లి ప్రసాదం

2024 ఫిబ్రవరిలో, రథసప్తమికి అరసవల్లి వెళ్ళి వస్తూ దంపతులిద్దరూ ఆఫీసుకొచ్చారు. ప్రసాదం ఇవ్వడానికని వచ్చారట. చేతిలో రిజిస్టరు ఉంది.

ఈసారి నేను అంకెలెత్తలేదు. "బాబు ఆ కంపెనీలో ఎప్పుడు చేరాడు మాస్టారూ?" అనడిగాను.

అంతే, పదిహేను నిమిషాలు మాట్లాడారు. 2014లో ఆఫర్ లెటరొచ్చిన రోజు దాన్ని లామినేషన్ చేయించి స్టాఫ్ రూముకు పట్టుకెళ్ళడం, హెడ్మాస్టరు టీ పార్టీ అడగడం, మొదటి జీతంతో కొడుకు తల్లికి కొన్న చీర. తమ వంశంలో నెల జీతం లక్ష దాటిన మొదటివాడు.

అమ్మగారు మధ్యలో అందుకున్నారు. "ఈయన అమ్మరు బాబూ. అమ్మితే మా గుంటడి మీద నమ్మకం లేనట్టవుద్దని."

"నువ్వూరుకో" అన్నారు మాస్టారు. కానీ కాదనలేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

మొదటి రోజు ఆ పాఠం చెప్పకుండా ఈ ఒక్క ప్రశ్న అడిగుంటే మూడు నెలలు కలిసొచ్చేవి.

అప్పుడు కొడుకు గురించి ఇంకొన్ని అడిగాను. కంపెనీ ఉద్యోగులకిచ్చిన షేర్లు కొన్ని అతని దగ్గరున్నాయి, విలువ నాలుగు లక్షల దాకా. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాడు, 52 లక్షల లోను, నెలకు 46 వేలు ఈఎంఐ. "లోను పేపర్ల మీద మీరేమైనా సంతకం పెట్టారా?" అన్నాను. పెట్టారు. కో-అప్లికెంట్, అంటే కొడుకు కట్టలేకపోతే ఆ అప్పు ఆయన మీద కూడా పడుతుంది. బ్యాంకువాళ్ళు పెట్టమన్నారు కాబట్టి పెట్టారు, దాని గురించి ఆ తర్వాత ఆలోచించలేదు.

తెల్ల కాగితం మధ్యలో ఒక గడి గీసి అందులో "కంపెనీ" అని రాశాను. దాన్నుంచి నాలుగు గీతలు. కొడుకు జీతం. కొడుకు షేర్లు. నాన్న షేర్లు. ఫ్లాట్ ఈఎంఐ. మన జిల్లాలో జూట్ మిల్లులు లాకౌట్ పడ్డ రోజులు మాస్టారికి బాగా గుర్తు, మిల్లు కార్మికుల పిల్లలకు ఆయన పాఠాలు చెప్పారు. "గేటు మూసిన రోజు ఆ ఇళ్ళలో ఒక్క జీతమే ఆగిందా మాస్టారూ?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. జీతం, కిరాణా కొట్టులో అరువు, చీటీ పాట, అన్నీ ఒకే వారంలో ఆగేవి.

ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. నేను గీసిన కాగితం మీద, ఈఎంఐ గీత చివర 46 అని రాశారు. దాని పక్కన తన చేతికొచ్చే పెన్షన్ రాశారు, 41. ఆ రెండు అంకెల వంక చాలాసేపు చూశారు.

"సగం అమ్ముదాం" అన్నారు.

నా సలహా 450 అమ్మమని. ఆయన 300 దగ్గర నిలబడ్డారు. నేను బలవంతం చేయలేదు. 600 షేర్లు ఉంచుకోవాలని వచ్చిన మనిషి 300 దగ్గరికి రావడమే నాకు చాలనిపించింది. అది సరైన సలహాదారు లక్షణమేనా అంటే, ఏమో, ఇప్పటికీ నాకు కొంచెం అనుమానమే.

అమ్మే ముందు, అమ్మిన తర్వాత

కొడుకు పనిచేసే కంపెనీ షేర్లు కొనే తల్లిదండ్రులు మన వైపు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి తెలియని నిబంధన ఒకటుంది. లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం అరికట్టే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం కంపెనీ తన ఉద్యోగుల్లో కొందరిని 'డెసిగ్నేటెడ్ పర్సన్' జాబితాలో పెడుతుంది. వాళ్ళూ, వాళ్ళ దగ్గరి బంధువులూ త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడి 48 గంటలయ్యే వరకు ఆ షేరు కొనకూడదు, అమ్మకూడదు. కొన్న ఆరు నెలల్లోపు అమ్మడం మీద కూడా ఆంక్షలుంటాయి. తల్లిదండ్రులు ఆ ఉద్యోగి మీద ఆర్థికంగా ఆధారపడినా, షేర్ల విషయంలో అతన్ని సంప్రదించి నిర్ణయాలు తీసుకుంటున్నా దగ్గరి బంధువుల కిందికే వస్తారు. మాస్టారు రెండోదాని కిందికి అచ్చంగా సరిపోతారు. కొడుకును కనుక్కోమన్నాను. అతను ఆ జాబితాలో లేడు. అయినా త్రైమాసికం ముగిసేదాకా ఆగొద్దు, మార్చి మొదట్లో అమ్ముదాం అన్నాను. ఇకపై ఫోన్లో కంపెనీ లోపలి కబుర్లు అడగొద్దని కూడా చెప్పాను. "మరింకేం మాట్లాడుకోవాలిరా వాడితో?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మార్చిలో ఒక బుధవారం నా ఆఫీసులోనే అమ్మారు. ధర 560. ఫోన్లో షేర్ల అమ్మకానికి అడిగే టీపిన్ కొట్టారు, ఓటీపీ వచ్చింది, గడువు దాటిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటిపోయింది. నేను కిందికెళ్ళి రెండు టీలు చెప్పి వచ్చేసరికి ఆర్డర్ పూర్తయి ఉంది. లక్షా 68 వేలు. డబ్బు మర్నాటికి ఖాతాలో పడింది.

పన్ను లెక్క ఇక్కడ కలిసొచ్చింది. డీమ్యాట్‌లో ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క. కాబట్టి పోయినవి 1,050వి 200, 1,240వి 100. వాటి ఖరీదు 3 లక్షల 34 వేలు, నష్టం లక్షా 66 వేలు, ఏడాది దాటింది కాబట్టి దీర్ఘకాలిక నష్టం. దీన్ని దీర్ఘకాలిక లాభం మీదే తగ్గించుకోవాలి, కానీ ఆ లాభం షేర్లదే కానక్కర్లేదు, స్థలం మీదైనా సరే. మాస్టారు ఆ ఆర్థిక సంవత్సరంలోనే చీపురుపల్లి వైపున్న పిత్రార్జితం స్థలంలో తన వాటా అమ్మారు. ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ఖరీదును పెంచి లెక్కేయడం) పోను మిగిలిన లాభం మీద అప్పట్లో పన్ను 20 శాతం. అందులోంచి లక్షా 66 వేలు తగ్గితే సెస్సుతో కలిపి 34 వేలకు పైగా మిగిలింది. స్థలం సంగతి మొదటి రోజే రిజిస్టరు వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసి ఉంది. నేను వెనక్కి తిప్పి చూడలేదు.

వచ్చిన డబ్బులో లక్షా 67 వేలు సీనియర్ సిటిజన్ స్కీములోనే ఇంకో ఖాతాగా వేశారు. 2023 ఏప్రిల్ నుంచి ఆ స్కీము పరిమితి 30 లక్షలైంది. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 3,400 పైచిలుకు వస్తుంది.

మిగిలిన 300 షేర్లకు ఒక కాగితం రాసుకున్నాం. ఇక యావరేజ్ చేయడం లేదు. ధర రోజూ రాయడం మానేసి మూడు నెలలకోసారి ఫలితాలొచ్చినప్పుడే రాయాలి. డాలర్ మారకపు ప్రభావం తీసేసి చూసిన ఆదాయం వరసగా రెండు త్రైమాసికాలు తగ్గితే, లేదా మొదటి ఐదుగురు క్లయింట్లలో ఒకరు పోతే, మిగతావీ అమ్మేయాలి. కొన్న ధర మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా రాయలేదు. మనం ఎంతకు కొన్నామో మార్కెట్టుకు తెలియదు, పట్టింపూ లేదు. ఈ వాక్యం మాస్టారికి నచ్చలేదు. కానీ సంతకం పెట్టారు, కింద తేదీ వేశారు.

ఆ తర్వాత

2024 డిసెంబర్‌లో నిఫ్టీ ఐటీ 46 వేల దగ్గరికి వెళ్ళి కొత్త గరిష్ఠం తాకింది. అంటే 2022 జనవరి నాటి శిఖరాన్ని దాటేసి ఇంకా పైకి వెళ్ళింది. మాస్టారి షేరు మాత్రం 735 దాకానే వచ్చింది. రంగం కోలుకోవడం, మన షేరు కోలుకోవడం రెండూ ఒకటి కాదని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. మాస్టారు దాన్ని అలా చూడలేదు. ఫోన్ చేశారు.

"నువ్వు అమ్మించిన 300కి 52,500 పోయాయిరా."

"పోయాయి మాస్టారూ" అన్నాను. లెక్క సరిగ్గానే ఉంది.

నాలుగు నెలల తర్వాత, అమెరికా సుంకాల గొడవతో మార్కెట్ కుదేలైనప్పుడు, అదే షేరు 455కి వచ్చింది. అప్పుడు ఫోన్ రాలేదు.

రాసుకున్న కాగితంలో షరతులేవీ తగల్లేదు. ఆదాయం నత్తనడకన పెరుగుతూనే ఉంది, పెద్ద క్లయింట్లు నిలిచారు. కాబట్టి నా లెక్క ప్రకారం ఆ 300 ఇంకా ఉండాలి. 2025 సెప్టెంబర్‌లో ఒకరోజు మాస్టారు వచ్చి, మిగతా 300 కూడా అమ్మేశానని చెప్పారు. 610కి. ఎవరినీ అడగలేదు. ఖరీదు 2 లక్షల 40 వేలు, వచ్చింది లక్షా 83 వేలు. 57 వేలు నష్టం. తగ్గించుకోవడానికి ఈసారి స్థలం లేదు కాబట్టి గడువులోగా రిటర్న్ వేస్తే ఎనిమిదేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళొచ్చని చెప్పి, ఇంతకీ ఎందుకు అమ్మారని అడిగాను. ఆదాయం తగ్గుతుందని ఎక్కడైనా చదివారా, క్లయింట్ ఎవరైనా పోయారా?

"వాడు కంపెనీ మారాడురా. పదిహేనో తారీకున రిలీవయ్యాడు. ఇంకక్కడ మనకేటి పని?"

రెండు త్రైమాసికాలు, ఐదుగురు క్లయింట్లు, డాలర్ మారకం అంటూ నేను రాయించిన కాగితం రిజిస్టర్లోనే మడిచి ఉంది. ఆయన దాన్ని ఒక్కసారైనా విప్పి చూసినట్టు లేదు. మొదటి రోజు నుంచీ ఆయన దగ్గర ఒకే ఒక్క షరతు ఉంది. అది తగిలింది, అమ్మేశారు.

కొడుకు ఇప్పుడు చేరింది ఒక అమెరికా కంపెనీకి హైదరాబాద్‌లో ఉన్న సొంత ఆఫీసులో. దాని షేరు మన ఎక్స్ఛేంజీల్లో దొరకదు. అది విని నేను లోపల ఊపిరి పీల్చుకుంటుండగా, మాస్టారు రిజిస్టర్లో కొత్త పేజీ తిప్పి, నీలం పెన్ను క్యాప్ తీశారు.

"అమెరికా షేర్లు ఇక్కణ్ణుంచి కొనడానికవుద్దంట కదరా. ఎలాగో చెప్పు."